ఆల్చిప్పలోని విస్మృతి

స్వాతి కార్తెలో కురిసిన వాన చినుకు ఆల్చిప్పలో పడితే ముత్యమవుతుందని, అదే చినుకు పాము నోట పడితే విషమవుతుందని పెద్దలు చెబుతూ ఉంటారు. ఇది కవిసమయమే గాని ప్రకృతిశాస్త్రం కాదు. అయినా ఆ మాటలో ఆలోచింపదగిన అంశం ఒకటి ఉన్నది. పదార్థం ఒక్కటే అయినా అది చేరిన దేహాన్ని బట్టి ఫలితం మారుతుందన్నదే ఆ అంశం. సముద్రజీవుల ప్రపంచంలో ఇది అక్షరాలా నిజం. కాకపోతే అక్కడ పాత్రలు తారుమారవుతాయి. విషాన్ని కడుపులో నింపుకొనేది ఆల్చిప్పే. దాని వల్ల ఆ ప్రాణికి చెప్పుకోదగిన హాని కలగదు. ఆ విషం తన ప్రతాపం చూపేది ఆల్చిప్పను తిన్న మనిషి మీద, పక్షి మీద, సముద్ర సింహం మీద.

కెనడా దేశపు తూర్పు తీరంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ అనే చిన్న రాష్ట్రం ఉన్నది. ఎర్ర నేలలకు, బంగాళాదుంపల సాగుకు అది ప్రసిద్ధి. దాని చుట్టూ ఉన్న ప్రశాంతమైన అఖాతాలలో మసెల్స్ అనే నీలి ఆల్చిప్పలను పెంచుతారు. వల సంచులలో పిల్ల ఆల్చిప్పలను నింపి, నీటిపై పొడవుగా కట్టిన తాళ్లకు వేలాడదీస్తారు. వాటికి ఎవరూ మేత వేయనక్కరలేదు. ప్రవహించే నీరే వాటికి ఆహారాన్ని తెచ్చిపెడుతుంది. మన చేపల చెరువుల రైతులు వింటే అసూయపడదగిన సేద్యం అది! 1987 నాటికి ఈ పెంపకం అక్కడ వేగంగా ఎదుగుతున్న పరిశ్రమ. ఆ ఏడాది శీతాకాలం మొదలవుతుండగా ఆ పరిశ్రమ మీద పిడుగు పడింది.

1987 నవంబరు చివరి నుండి కెనడాలోని ఆసుపత్రులకు వింత రోగులు రాసాగారు. అందరూ నీలి ఆల్చిప్పలు తిన్నవారే. కొందరికి ఇరవైనాలుగు గంటల లోపల వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలయ్యాయి. అంతవరకు అది సాధారణంగా చెడిపోయిన ఆహారం వల్ల కలిగే జబ్బు వలెనే కనిపించింది. కాని రెండు రోజులు తిరిగేసరికి కొందరిలో మరో రకమైన లక్షణాలు పొడసూపాయి. భరింపరాని తలనొప్పి, అయోమయం, మూర్ఛలు కనిపించాయి; కొందరు స్పృహ కోల్పోయారు. వైద్యులు లెక్కకు తీసుకొన్న 107 మంది రోగులలో పంతొమ్మిది మందిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. వారిలో పన్నెండు మందికి అత్యవసర చికిత్స అవసరమైంది. వృద్ధులైన ముగ్గురు కొద్ది వారాలలోనే మరణించారు. మరొకరు కొన్ని నెలల తరువాత కన్నుమూశారు.

అన్నింటికంటె వైద్యులను కలవరపరచిన లక్షణం మతిమరుపు. సుమారు నాలుగింట ఒక వంతు రోగులు ఇటీవలి విషయాలను గుర్తుంచుకోలేకపోయారు. వారి మాట చక్కగానే ఉన్నది. బుద్ధి కుశలత కూడ పెద్దగా తగ్గలేదు. ఎదుటివారి ప్రశ్నను అర్థం చేసుకొని సమాధానం చెప్పగలరు. కాని కొంతసేపటికి ఆ ప్రశ్న అడిగిన సంగతే వారి మనస్సులో మిగలదు. తీవ్రంగా దెబ్బతిన్న పద్నాలుగు మందిని కొన్ని నెలల తరువాత పరీక్షించగా, కొత్త జ్ఞాపకాలను కూర్చుకొనే శక్తి ఒక్కటే ప్రధానంగా నశించిందని తేలింది. రోగులలో ఎనభై నాలుగేళ్ల వృద్ధుడొకరు ఉన్నారు. ఆయన మొదటి ఉపద్రవం నుండి తేరుకొన్నారు. సరిగ్గా ఒక ఏడాది గడిచాక ఆయనకు మళ్లీ మూర్ఛలు మొదలయ్యాయి. ఒక పూట తిన్న భోజనం సంవత్సరం తరువాత తన లెక్క వసూలు చేసుకొన్నదన్నమాట.

ఇటువంటి రోగాన్ని అంతకు ముందు వైద్యశాస్త్రం ఎరుగదు. ఆల్చిప్పల వల్ల పక్షవాతం కలగడం తెలిసిన విషయమే. మతి పోవడం మాత్రం కొత్త. హాలిఫాక్స్ నగరంలోని జాతీయ పరిశోధన మండలి ప్రయోగశాలలో శాస్త్రవేత్తలు రాత్రింబవళ్లు శ్రమించారు. ఆల్చిప్పల సారాన్ని ఎలుకలకు ఎక్కించి చూశారు. పక్షవాత విషమైతే ఎలుకలు శ్వాస అందక చనిపోవాలి. ఈ ఎలుకలు అలా చేయలేదు. వెనుక కాలితో భుజాన్ని అదే పనిగా గోక్కొన్నాయి. ఆ తరువాత మూర్ఛ వచ్చి చనిపోయాయి. ఆ గోకుడే పరిశోధకులకు దారి చూపింది. తమ ముందున్నది పాత విషం కాదని వారికి అర్థమైంది. సారాన్ని భాగాలుగా విడదీస్తూ, ఏ భాగంలో విషగుణం మిగిలి ఉన్నదో పరీక్షిస్తూ పోయారు. డిసెంబరు మధ్య నాటికి, పని మొదలుపెట్టిన ఐదు రోజులలోనే, నేరస్థుడు పట్టుబడ్డాడు. దాని పేరు డొమోయిక్ ఆమ్లం.

ఈ పేరు విన్నవారు మొదట నమ్మలేకపోయారు. ఎందుకంటే అది తెలియని పదార్థం కాదు. పైగా దానికి మందుగా పేరున్నది. జపాన్ దక్షిణాన ఉన్న దీవులలో డొమోయి అని పిలిచే ఒక ఎర్ర నాచు లభిస్తుంది. దానిని కడుపులోని నులిపురుగులను పోగొట్టడానికి అక్కడి ప్రజలు వాడేవారు. 1958లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ నాచు నుండి ఈ ఆమ్లాన్ని వేరుచేసి, స్థానిక నామాన్నే దానికి పెట్టారు. స్వల్ప మోతాదులో పిల్లల కడుపులోని పురుగులను చంపిన మందే మోతాదు మించగా కెనడాలో మనుషుల జ్ఞాపకాలను తుడిచివేసింది. మందుకూ విషానికీ మధ్య ఉన్నది మోతాదు గీత మాత్రమేనని వైద్యులు అనే మాటకు ఇంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

అయితే జపాన్ నాచుకు, కెనడా ఆల్చిప్పకు సంబంధమేమిటి? ఆల్చిప్పలు విషాన్ని తయారుచేయవు. ఆ శీతాకాలంలో కార్డిగన్ అఖాతపు నీటిలో సూక్ష్మమైన డయాటములు విపరీతంగా పెరిగిపోయాయి. డయాటము అంటే సిలికా కవచం తొడుక్కొన్న ఏకకణ జీవి. చెట్ల వలె ఇది సూర్యకాంతితో ఆహారాన్ని తయారుచేసుకొంటుంది. భూగోళం మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు ఐదవ వంతు డయాటములదే. సముద్రంలోని చేపలన్నీ ఏదో ఒక విధంగా వీటి మీద ఆధారపడినవే. అటువంటి అన్నదాత విషం పెట్టగలదని 1987కు పూర్వం ఎవరూ అనుమానించలేదు. కార్డిగన్ అఖాతంలో పెరిగినది సూదుల వంటి కణాలు కొనకు కొన ఆనించుకొని గొలుసుగా ఏర్పడే సూడోనిచ్చియా అనే రకం. పరిశోధకులు నీటి నమూనాలను పరిశీలించినప్పుడు అందులో ఉన్న జీవరాశి అంతా దాదాపు ఈ ఒక్క రకమే కావడం గమనించారు.

ఆల్చిప్ప ఆహార సేకరణలో ఒక విశేషం ఉన్నది. అది వెదకదు, వేటాడదు. నీటిని ఒక వైపు నుండి లోపలికి తీసుకొని, మొప్పలతో వడకట్టి, మరో వైపు నుండి వదలిపెడుతుంది. ఒక్క ఆల్చిప్ప గంటకు లీటరుకు పైగా నీటిని వడకట్టగలదు. మంచి డయాటము, చెడ్డ డయాటము అనే విచక్షణ దానికి పెద్దగా ఉండదు. నీటిలో పలుచగా వ్యాపించి ఉన్న విషం ఇలా వేలాది లీటర్ల నుండి పోగై, దాని జీర్ణగ్రంథిలో చిక్కబడుతుంది. నీటిని నేరుగా తాగినా మనిషికి ఏమీ కాకపోవచ్చు. ఆల్చిప్పను తింటే మాత్రం అన్ని లీటర్ల నీటిలోని విషాన్ని ఒక్క ముద్దలో తిన్నట్లే.

ఆ ముద్ద మెదడుకు చేరిన తరువాత జరిగే కథ మరింత విచిత్రమైనది. మెదడులోని నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి గ్లుటమేట్ అనే రసాయనాన్ని వాడుతాయి. ఒక కణం దానిని విడుదల చేస్తుంది. పక్క కణం మీద ఉన్న గ్రాహకం దానిని అందుకొని, తన ద్వారాన్ని క్షణకాలం తెరిచి మూసివేస్తుంది. తాళంచెవి తిప్పి తీయడం వంటి పని ఇది. డొమోయిక్ ఆమ్లపు అణువు గ్లుటమేట్‌ను పోలి ఉంటుంది. కాని దానికంటె బిగుతుగా ఉంటుంది. అందువల్ల అది గ్రాహకంలోకి దూరితే ఒక పట్టాన బయటకు రాదు. తాళంచెవి తాళంలోనే ఇరుక్కొనిపోతుంది. తెరిచిన తలుపు తెరిచినట్లే ఉండగా కాల్షియం లోపలికి వరదలా పారుతుంది. కణం ఉద్రేకించి, ఉద్రేకించి, చివరకు మరణిస్తుంది. ఈ గ్రాహకాలు హిప్పోకాంపస్ అనే భాగంలో దట్టంగా ఉంటాయి. చెవులకు కొంత పైన, మెదడు లోతున వంపు తిరిగి ఉండే ఈ చిన్న భాగమే కొత్త అనుభవాలను జ్ఞాపకాలుగా మార్చేది. మరణించిన నలుగురి మెదళ్లను పరీక్షించినప్పుడు వైద్యులకు ఈ భాగంలోనే కణాలు నశించి కనిపించాయి. ఇక విషాన్ని బయటకు పంపవలసినవి మూత్రపిండాలు. వయస్సు వల్లనో వ్యాధి వల్లనో అవి బలహీనపడిన వారి రక్తంలో విషం ఎక్కువ సేపు నిలిచింది. వృద్ధులు అధికంగా బలికావడానికి ఇది ఒక కారణం.

వండితే పోదా అని ఎవరికైనా సందేహం రావడం సహజం. పోదు. ఉడకబెట్టినా, వేయించినా, గడ్డకట్టించినా డొమోయిక్ ఆమ్లం నిలిచే ఉంటుంది. విషం నిండిన ఆల్చిప్పకు వేరే రంగు లేదు, వేరే వాసన లేదు, రుచిలో తేడా లేదు. దానికి విరుగుడు మందు కూడ లేదు. కనుక మిగిలిన మార్గం ఒక్కటే. తీరం నుండి కదలక ముందే పరీక్షించాలి. గ్రాము మాంసంలో ఇరవై మైక్రోగ్రాములకు మించి డొమోయిక్ ఆమ్లం ఉంటే ఆ ప్రాంతంలో సేకరణను నిలిపివేయాలని కెనడా నిర్ణయించింది. తరువాత అనేక దేశాలు అదే కొలతను స్వీకరించాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ రైతులు ఆ శీతాకాలం పంట అమ్మలేక నష్టపోయారు గాని, ఈ పరీక్షల వల్లనే ప్రజల విశ్వాసాన్ని మళ్లీ సంపాదించుకొన్నారు. కెనడాలో నేడు పెంచే నీలి ఆల్చిప్పలలో అత్యధిక భాగం ఆ రాష్ట్రానివే.

పక్షవాతాన్ని కలిగించే పాత విషం సంగతి ఇంతకు ముందు ప్రస్తావనకు వచ్చింది. దాని పేరు శాక్సిటాక్సిన్. డొమోయిక్ ఆమ్లం నాడీకణపు తలుపును మూసుకోనీయదు. శాక్సిటాక్సిన్ తలుపును తెరుచుకోనీయదు. నాడుల వెంట సంకేతం సాగడానికి సోడియం లోపలికి ప్రవేశించే మార్గాలు కావాలి. శాక్సిటాక్సిన్ ఆ మార్గాలకు బిరడా వలె అడ్డుపడుతుంది. మొదట పెదవులు, నాలుక, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. విషం ఎక్కువైతే శ్వాసకు తోడ్పడే కండరాలు పనిచేయడం మానివేస్తాయి. 1793 జూన్ 15న కెప్టెన్ జార్జి వాంకోవర్ నౌకాయాత్రలోని కొందరు నావికులు ఉత్తర అమెరికా పశ్చిమ తీరాన ఒక చిన్న అఖాతం ఒడ్డున ఆల్చిప్పలను కాల్చుకొని తిన్నారు. వారిలో జాన్ కార్టర్ అనే నావికుడు ఆనాడే మరణించాడు. వాంకోవర్ ఆ చోటికి విషపు అఖాతమని, అతనిని పూడ్చిన చోటికి కార్టర్ అఖాతమని పేర్లు పెట్టాడు. పటం మీద ఆ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ విషం దూర దేశాలకే పరిమితం కాదు. 1981లో తమిళనాడులో గుల్లలు తిన్నవారు పలువురు ఆసుపత్రి పాలుకాగా ముగ్గురు చనిపోయారు. 1997 సెప్టెంబరులో కేరళలోని విళింజం వద్ద రాళ్లకు అంటుకొని పెరిగే గోధుమరంగు ఆల్చిప్పలను తిని ఏడుగురు మరణించారు. వందల మంది అస్వస్థులయ్యారు. మన తీరంలో కాకినాడ అఖాతపు బుడిత గుల్లలను తినడానికంటె సున్నం కాల్చడానికే ఎక్కువగా ఏరేవారు. ఆ విధంగా మన పూర్వులు ఎరుగకుండానే ఒక అపాయానికి కొంత దూరంగా ఉన్నారని చెప్పవచ్చు. అయితే చిప్పల మాంసం నేడు పట్టణపు భోజనశాలల వరకు ప్రయాణిస్తున్నది. ఏ నీటిలో పెరిగినదో తినేవానికి తెలిసే అవకాశం తగ్గిపోయింది.

విషంతో సహజీవనం చేయడానికి ప్రాణులు ఎన్నుకొన్న మార్గాలు ఆశ్చర్యం గొలుపుతాయి. ఉత్తర అమెరికా తూర్పు తీరంలో మెత్తని చిప్పగల ఒక గుల్ల ఉన్నది. విష కణాలు తరచుగా విజృంభించే చోట్ల పెరిగిన గుల్లలు శాక్సిటాక్సిన్‌ను తట్టుకొంటాయి. అవి ఎన్నడూ విజృంభించని చోట్ల పెరిగినవి అదే విషానికి మొద్దుబారి బురదలో దూరలేకపోతాయి. ఈ తేడాకు మూలం సోడియం మార్గాన్ని నిర్మించే ప్రోటీనులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడమని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ ఒక్క మార్పుతో విషానికి ఆ మార్గం మీద పట్టు వేయి రెట్లు తగ్గిపోయింది. గుల్లకు ఇది వరం. దానిని తినేవారికి శాపం. ఎందుకంటే విషాన్ని తట్టుకొనే గుల్ల మరింత విషాన్ని పోగుచేసుకొంటుంది.

పసిఫిక్ తీరంలోని వెన్న గుల్ల అనే మరొక జాతి మరింత గడుసుది. అది శాక్సిటాక్సిన్‌ను నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు రెండేళ్ల వరకు వదలకుండా దాచుకొంటుంది. విషమంతా ప్రధానంగా నీరు పీల్చే గొట్టంలో ఉంటుంది. చేపలు కొరికేది మొదట ఆ గొట్టాన్నే కనుక ఇది ఆ గుల్లకు కవచం వంటిది. సముద్రపు నీటికుక్కలకు విషపు గుల్లలను పెట్టి పరీక్షించినప్పుడు అవి తిండి తగ్గించాయి. విషం ఎక్కువగా ఉన్న భాగాలను పారవేసి మిగిలినదే తిన్నాయి. మనిషి నాలుక పసిగట్టలేని దానిని నీటికుక్క పసిగట్టింది!

అన్ని ప్రాణులకూ ఆ నేర్పు లేదు. 1961 ఆగస్టు 18 తెల్లవారుజామున అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో కాపిటోలా అనే ఊరి ప్రజలు పెద్ద చప్పుళ్లకు మేలుకొన్నారు. వేలాది సముద్ర పక్షులు పొగమంచులో ఇళ్లకు, దీపస్తంభాలకు ఢీకొని నేలరాలుతున్నాయి. వీధులన్నీ అవి కక్కిన చేపలతో నిండిపోయాయి. ఈ వార్త ప్రఖ్యాత దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ దృష్టిని ఆకర్షించింది. ఆయన 1963లో నిర్మించిన ‘ది బర్డ్స్’ చలనచిత్రంలో పక్షులు మనుషులపై పగబట్టి దాడిచేస్తాయి. చలనచిత్రానికి పగ కావలసి వచ్చింది గాని, అసలు పక్షులకు పగ లేదు. 1991లో అదే మాంటెరే అఖాతంలో పెలికన్ పక్షులు, నీటికాకులు గుంపులుగా చనిపోగా, అవి తిన్న ఆంకోవీ చేపలలో డొమోయిక్ ఆమ్లం బయటపడింది. అప్పుడు కొందరికి 1961 నాటి ఘటన గుర్తుకు వచ్చింది. ఆనాడు సేకరించి భద్రపరచిన జలజీవుల నమూనాలను అర్ధ శతాబ్దం తరువాత తెరిచి చూశారు. వాటి పొట్టలలో అధిక భాగం విషజాతి సూడోనిచ్చియాయే కనిపించింది. పక్షులది దాడి కాదు, దారితప్పడం.

1998 మే, జూన్ నెలలలో అదే తీరంలో నాలుగు వందలకు పైగా సముద్ర సింహాలు మరణించాయి. ఎన్నో మూర్ఛలతో, తల ఊపుతూ ఇసుకలో పడి ఉన్నాయి. ఇక్కడ కూడ విషవాహకాలు ఆంకోవీ చేపలే. గమనింపదగిన విషయమేమిటంటే, అదే సమయంలో అదే తీరంలో ఏరిన నీలి ఆల్చిప్పలలో విషం అసలు లేదు, లేదా నామమాత్రంగా ఉన్నది. ఆల్చిప్పలను పరీక్షించి తీరమంతా క్షేమమని నిర్ణయించుకొంటే ఎంత పొరపాటో దీనివల్ల తెలుస్తున్నది. కావలివాడు నిద్రపోలేదు. దొంగ వేరే దారిన వచ్చాడు. 2015లో పసిఫిక్ జలాలు అసాధారణంగా వేడెక్కినప్పుడు ఈ డయాటములు కాలిఫోర్నియా నుండి అలాస్కా దాకా విస్తరించాయి. పీతలలో విషం చేరడంతో కాలిఫోర్నియాలో నవంబరులో మొదలు కావలసిన పీతల వేటను 2016 మార్చి వరకు ఆపవలసి వచ్చింది. పడవలు రేవులో కట్టివేసి, ఆ సంవత్సరపు సంపాదనలో ముఖ్యమైన నెలలను మత్స్యకారులు పోగొట్టుకొన్నారు. ఎవరికీ జబ్బు చేయకపోవడానికి వారు చెల్లించిన మూల్యం అది.

ఒడ్డున పడిన సముద్ర సింహాలను కాలిఫోర్నియాలోని సంరక్షణ కేంద్రాలు చేరదీసి చికిత్స చేస్తాయి. కొన్ని కోలుకొంటాయి. తిండి తింటాయి, ఈదుతాయి, చూడడానికి ఆరోగ్యంగా ఉంటాయి. వాటిని తిరిగి సముద్రంలో వదిలిపెడతారు. అయితే వీటిలో కొన్ని మళ్లీ ఒడ్డుకే వస్తూ ఉండడం పరిశోధకులను ఆలోచింపజేసింది. వారు ముప్పై సముద్ర సింహాల మెదళ్లను చిత్రించి, జ్ఞాపకశక్తిని పరీక్షించి 2015లో ఫలితాలను వెల్లడించారు. చేప ఏ పాత్రలో ఉన్నదో కొద్ది క్షణాల క్రితం చూసిన దానిని గుర్తుంచుకోవడమే ఆ పరీక్ష. హిప్పోకాంపస్ దెబ్బతిన్నవి అందులో తడబడ్డాయి. ఇరవైఎనిమిదేళ్ల క్రితం కెనడా ఆసుపత్రి పడకల మీద, అడిగిన ప్రశ్నను మరచిపోయిన రోగులకు కలిగిన నష్టమే ఇది. రోగులకు దారి చూపడానికి బంధువులు ఉన్నారు. సముద్ర సింహం మాత్రం నిన్న చేపలు దొరికిన చోటును వెదుక్కొంటూ, అలల మధ్య ఒంటరిగా ఈదుతూ ఉంటుంది.